ముల్లు లేస్తే

కారు ఎక్కితే చాలు, అతని చూపు రోడ్డు మీద నిలవడం లేదు. ఎవరినీ గుద్దకుండా ఉండడానికి ఎంత చూడాలో అంతే చూస్తాడు. మిగతా చూపంతా స్టీరింగు వెనకాల ఎడమ మూలన, ఇంజను వేడి చూపే చిన్న ముల్లు మీదే. దానికి ఒక కొసన తెల్లగీత, ఇంకో కొసన ఎర్రగీత. చలికాలమంతా అది సగానికి కాస్త కింద, కునుకు తీస్తున్నట్టు పడి ఉండేది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి దానికి మెలకువ వచ్చింది. బండి పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఎక్కడైనా కాసేపు ఆగిందో, ముల్లు లేస్తుంది.

“ఆగిందేం బాబూ?” వెనకసీట్లోంచి అత్తగారు అడిగింది.

“సిగ్నలు, అత్తయ్యా.”

“ఊఁ.”

అంతటితో మాటలు అయిపోయాయి. వాళ్ళిద్దరి మధ్యా మాటలెప్పుడూ అంతే. ఆమె అతని భార్యకు తల్లి. కిడ్నీలు రెండూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి, మిషను పక్కన పడుకుని, ఒంట్లో రక్తమంతా శుభ్రం చేయించుకుని రావాలి. చూపు కూడా బాగా తగ్గింది. ఎదురుగా ఉన్నది మనిషో తలుపో పోల్చుకోగలదు, అంతకుమించి కాదు. ఆమెను తీసుకెళ్ళి తీసుకొచ్చే పని కూతురిది. ఈ చిన్నకారు కూడా కూతురిదే. అప్పటికే ఇద్దరి చేతులు మారిన బండిని, భర్త వద్దు వద్దంటున్నా వినకుండా కొనుక్కుంది. చలికాలం మొదట్లో జ్వరమని ఆస్పత్రిలో చేరింది. తిరిగి రాలేదు. బండి మిగిలింది. తల్లి మిగిలింది. స్టీరింగు పట్టుకోవాలంటే మొదట్నుంచీ బెదిరే ఇతను మిగిలాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు కూతురి మాట ఎవరూ ఎత్తరు. ఎవరూ అనుకుని పెట్టుకున్న నియమం కాదది. పెద్దావిడ బాధపడుతుందని ఇతను ఎత్తడు. అల్లుడు బాధపడతాడని ఆవిడ ఎత్తదు. ఒకరి పుండు మీద ఇంకొకరి చెయ్యి పడకుండా ఇద్దరూ ఒద్దికగా తిరుగుతుంటారు. ఆమె చీరలున్న గదిని “లోపలి గది” అంటారు. ఆమె తెచ్చిన మిక్సీ చెడిపోతే, “ఇది ఎక్కడ కొన్నారు?” అని ఆవిడ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. కొత్తది వచ్చింది.

సిగ్నలు పచ్చబడింది. ముల్లు ఒక వెంట్రుకవాసి దిగింది.

ఆ రోజు రైలు పట్టాల మీది వంతెన దాకా కూడా వెళ్ళలేదు. వంతెనకు ముందు వాహనాల బారులో ఇరుక్కున్నారు. ముల్లు లేచింది, ఈసారి సగం దగ్గర ఆగలేదు. తీపీ కాని చేదూ కాని ఒక వెచ్చటి వాసన లోపలికి కొట్టింది. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి పొంగింది. అతను ఎలాగో బండిని పక్కకు లాగి, దిగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు.

“ముట్టుకోకండి.” టైర్ల దుకాణం ముందు కూర్చున్నాయన లేచొచ్చాడు. “అది తీశారంటే మొహానికి చర్మం ఉండదు. చల్లారనివ్వండి.”

“ఎంతసేపు?”

“అది చల్లారేంతసేపు.”

చల్లారింది. నీళ్ళు పోశారు. ఆస్పత్రికి చేరేసరికి ఆవిడ మిషను ఇంకొకరికి ఇచ్చేశారు.

“ఏం చెయ్యమంటారు అమ్మమ్మా, బయట కాచుకుని ఉన్నవాళ్ళు ఉంటారుగా,” అంది సిస్టరు. కోపం కాదు, జాలి కూడా కాదు, రోజూ చెప్పే మాట. తర్వాత అతన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. “ఎల్లుండి మొదటి బ్యాచ్‌కి రాసుకున్నాను. ఆ పూట కూడా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఆవిడ ఒళ్ళు తట్టుకోలేదు. తెలుస్తోందా?”

తెలుస్తోందన్నట్టు తలూపాడు.

కారు బాగుచేసే షెడ్డు ఆయన్ని ఆ వీధి వాళ్ళంతా కారు డాక్టరంటారు. ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు కాబట్టి ఆ పేరొచ్చింది. సాయంత్రం అతను వెళ్ళేసరికి ఆయన ఒక బండి కింద పడుకుని, ఇంకో బండి సొంతదారుకి సమాధానం చెబుతున్నాడు. లేచొచ్చి, చేతులు పాతగుడ్డకి తుడుచుకుని, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. స్టార్టు చేయించాడు. విన్నాడు. ముందు చక్రాన్ని కాలితో అటూ ఇటూ ఊపాడు.

“ఆగినప్పుడు వేడెక్కుతోందా, నడిచేటప్పుడా?”

“ఆగినప్పుడే.”

“మరదే. నడిచేటప్పుడు ఎదురుగాలి తగిలి రేడియేటర్ చల్లబడుతుంది. ఆగితే ఫ్యాను తిరగాలి. మీది తిరగట్లేదు.” వేలు పెట్టి చూపించాడు. రేడియేటర్ వెనక నల్లటి రెక్కలు కదలకుండా ఉన్నాయి. “మోటారు కాలిందో, సెన్సార్ పోయిందో, వైరు తెగిందో, విప్పితేగాని చెప్పలేను. అదొక్కటే అయితే పర్లేదు. కానీ ఇలా మరిగిన బండికి హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. పోయిందంటే ఇంజను పైభాగమంతా ఊడదియ్యాలి. క్లచ్ ప్లేటు కూడా అయిపోవచ్చింది. ముందు చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి.”

“మొత్తం ఎంతవుతుంది?”

కారు డాక్టరు బండి వంక చూశాడు, అతని వంక చూశాడు. “నిజం చెప్పమంటారా? దీన్ని ఇప్పుడు అమ్మితే వచ్చేదానికన్నా ఎక్కువే అవుతుంది. నన్నడిగితే, నా పొట్ట కొట్టుకుని చెబుతున్నాను, వదిలించుకోండి సార్.”

ఆ మాట అతనిదే. చిన్న చప్పుడు వచ్చినా, బిల్లు ఒకటి కనబడినా, “వదిలించుకుందాం” అనేవాడు. అప్పుడు భార్య నవ్వేది. కొన్నాళ్ళకు చప్పుళ్ళ సంగతి, బిల్లుల సంగతి అతనికి చెప్పడమే మానేసింది. బండి బాగుపడిందనుకున్నాడు.

“ముందు ఫ్యాను సంగతి చూడండి. ఎల్లుండి పొద్దున్నకి కావాలి,” అన్నాడు.

“ఎల్లుండా? చేతిలో మూడు బండ్లున్నాయి. ఆదివారం తర్వాత వదిలిపెట్టండి, నాలుగు రోజులు ఉంచుకుంటాను.”

“నాలుగు రోజులు ఉంచలేను. ఇంట్లో పేషెంటు ఉన్నారు.”

కారు డాక్టరు బానెట్ దించాడు. తర్వాత, “ఒక పని చెయ్యండి. ముల్లు మరీ లేస్తే హీటరు నిండా పెట్టెయ్యండి. ఇంజను వేడి కొంత బండి లోపలికి వచ్చేస్తుంది. మీరు ఉడికిపోతారు, కానీ అది బతుకుతుంది. ఒక నీళ్ళ క్యాను దగ్గర పెట్టుకోండి. ఎర్రగీత దాటితే మాత్రం ఎక్కడున్నా సరే ఆపెయ్యండి. ఆపకపోతే ఇంజను పట్టేస్తుంది. అప్పుడిక నా దగ్గరికి కూడా తేవక్కర్లేదు,” అన్నాడు.

మర్నాడు అతను కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి కూర్చున్నాడు. అద్దాలను ఫ్రేము కొలతకు అరగదీసి బిగించడం అతని పని. చెయ్యి వణికితే అంచు పెచ్చులూడుతుంది. ఆ రోజు పొద్దున్నే రెండు అద్దాలు పెచ్చులూడాయి.

“ఏమయ్యా, ఇవాళ కళ్ళజోడు నీకే కావల్సొచ్చేట్టుందే,” అన్నాడు ఓనరు. నవ్వించాలనే అన్నాడు. అతను నవ్వాడు కూడా. మూడో అద్దం చేతికి తీసుకోకుండా చాలాసేపు కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి పెద్దావిడ పాదాలు ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉంది. రాత్రి పడుకోలేక కుర్చీలోనే ఒరిగి కూర్చుంది. పక్కగదిలోంచి అతను ఆ ఊపిరి వింటూనే ఉన్నాడు. ప్రతి ఊపిరికీ చివర చిన్న కిర్రు, అరిగిన తలుపు బందులా.

పొద్దున్నే టాక్సీ కోసం ప్రయత్నించాడు. ఒకతను వస్తున్నానని చెప్పి, అంత దూరం ఖాళీగా తిరిగి రావాలని తోచిందేమో, రానన్నాడు. ఇంకొకతను ఫోను ఎత్తడమే మానేశాడు. ఊరి చివర ఇల్లు తీసుకోవడంలో ఉన్న సుఖం ఇదీ. బస్సు ఉంది గాని, ఈ ఆయాసంతో ఆవిడ బస్సు మెట్టు ఎక్కలేదు.

“బండిలోనే వెళ్దాం అత్తయ్యా.”

“దానికి బాగాలేదుగా బాబూ?”

“మెల్లగా తీసుకెళ్తాను.”

“నాకూ బాగాలేదు, దానికీ బాగాలేదు,” అంది ఆవిడ, ఒక్కో మెట్టుకీ ఆగుతూ. “ఇద్దరు రోగుల మధ్య ఇరికించాం మిమ్మల్ని.”

నీళ్ళ క్యాను ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. బండి కుదుపుకి లోపల నీళ్ళు గుడగుడమన్నాయి. ఆవిడకు నీళ్ళు లెక్క. పూటకు ఇంత అని గ్లాసులో పోసి ఇవ్వాలి, ఒక గుటక ఎక్కువైనా ఒంట్లో నిలిచిపోతాయి.

“దానికేమో క్యానెడు, నాకేమో గుటకెడు,” అంది ఆవిడ. “పోనీలెండి. పెట్టిపుట్టింది.”

దారి పొడవునా అతను ముల్లును వేడుకుంటూనే ఉన్నాడు. సిగ్నళ్ళ దగ్గర దూరం నుంచే వేగం తగ్గించి, ఆగకుండా పాక్కుంటూ వెళ్ళాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఒకతను పక్కకొచ్చి, “పెళ్ళిచూపులకా?” అని అడిగి వెళ్ళాడు. ముల్లు సగం దగ్గర నిలిచింది. వంతెన కనబడింది. అది దాటితే ఆస్పత్రి ఎంతో దూరం లేదు. వంతెన మీద బండ్లు కదులుతున్నాయి. అతను గేరు మార్చి ఎక్కించాడు.

నట్టనడుమ ఆగిపోయాయి.

ముందెక్కడో లారీ టైరు పగిలి అడ్డం తిరిగిందని నడిచివచ్చేవాళ్ళు చెప్పుకుంటూ వెళ్ళారు. వంతెన ఇరుకు. పక్కకు తియ్యడానికి చోటు లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. ఎండ బండి పైరేకు మీద దిగింది. ముల్లు లేచింది.

అతను ఇంజను ఆపాడు. వరస రెండడుగులు కదిలింది. స్టార్టు చెయ్యక తప్పలేదు. మళ్ళీ ఆపాడు, మళ్ళీ కదిలింది. ఈసారి తాళం తిప్పితే ఇంజను నీరసంగా మూలిగింది, ఆగింది, ఇంకోసారి మూలిగి అందుకుంది. మరోసారి ఆపితే అందుకోదేమోనని ఆపలేదు. ముల్లు మూడొంతులు దాటింది. హీటరు నిండా తిప్పాడు. కొలిమి మూత తీసినట్టు వేడిగాలి మొహాన కొట్టింది. అద్దాలన్నీ దించాడు. బయట గాలి కూడా వేడిగానే ఉంది.

వెనక ఊపిరి మారింది. ఇందాకటి కిర్రు ఇప్పుడు ఊపిరి మొదట్లోనే వినిపిస్తోంది.

“అత్తయ్యా?”

“ఉన్నాను.”

అద్దంలో చూశాడు. పెద్దావిడ ముందుసీటు వీపును రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. పెదాల రంగు మారింది. దిగి ఎత్తుకుని పరిగెడదామనుకున్నాడు. వంతెన చివర అటువైపు ఎంత దూరమో చూశాడు. ఆవిడ బరువు తన చేతులు ఎంతదాకా మొయ్యగలవో తెలుసు. అంబులెన్సును పిలిచినా అది ఈ బారులో తమ వెనకే నిలబడుతుంది. ముల్లు ఎర్రగీతకు అంటుకోబోతోంది. ఆ తీపీ చేదూ కాని వాసన మొదలైంది. ఆపితే ఇక్కడే ఉండిపోతారు. ఆపకపోతే బండి చచ్చి ఇక్కడే ఉండిపోతారు.

ఆమె ఉంటే ఏం చేసేది?

ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ రోజుకెన్నిసార్లు లోపల తిరిగిందో. ఎన్నడూ పెదవి దాటనివ్వలేదు. పోయిన వేసవి ఎండల్లో ఇదే వంతెన మీద, ఇదే బండిని ఆమె ఎన్నిసార్లు ఆపి ఉంటుంది? ఒక్కసారైనా మరగలేదే.

“అత్తయ్యా,” అన్నాడు. “ఇక్కడ ఇలా ఆగిపోతే... మీ అమ్మాయి ఏం చేసేది?”

అద్దంలో పెద్దావిడ తలెత్తింది.

“నొక్కేది,” అంది ఆవిడ.

“ఏది?”

“ఏదో... నాకు కనబడదుగా. ఆగగానే... టక్కుమనేది. తర్వాత ముందువైపు... బుయ్యిమని ఒకటే రొద. మళ్ళీ కదిలాక... టక్.” మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. “మీరు నడపడం మొదలెట్టాక... అది వినబడలేదు. మీకు పడలేదేమో... తీయించారేమో అనుకున్నాను.”

“ఎక్కడ నొక్కేది?”

“వంగేది. మాట... కిందనుంచి వచ్చేది.”

అప్పుడు అతనికి కళ్ళముందు కదిలింది. పక్కసీట్లో కూర్చుని పై పిడిని గట్టిగా పట్టుకుని, తను రోడ్డు వంకే చూస్తుండగా, సిగ్నలు దగ్గర ఆమె ఎడమచెయ్యి కిందికి వెళ్ళడం. మోకాలు గోక్కుంటోందనుకునేవాడు. ఒకసారి అడిగాడు కూడా, దోమలా అని. అవునంది.

స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చాడు. వైర్లు. దుమ్ము. ఏదో పదునైన రేకు గీరుకుంది. ఇంకా లోపల, మోకాలికి ఎదురుగా, ఇంట్లో లైటుకి వాడేలాంటి మామూలు స్విచ్చి తగిలింది. దాని మీద చిన్న బొడిపె. నొక్కాడు.

టక్.

బండి ముందుభాగం ఒక్కసారి వణికింది. రేడియేటర్ వెనక నల్లటి రెక్కలు బుయ్యిమని అందుకున్నాయి. పక్క బండిలోవాళ్ళు తిరిగి చూశారు.

ముల్లు కదల్లేదు. ఎర్రగీత అంచున అలాగే నిలబడింది. ఆలస్యమైపోయిందనుకున్నాడు. గాస్కెట్, పైభాగం ఊడదియ్యడం, ఇంజను పట్టెయ్యడం, కారు డాక్టరు చెప్పినవన్నీ వరసగా చెవిలో మోగాయి. అతను రెప్ప వెయ్యలేదు. గీతకూ ముల్లుకూ మధ్య సందు కనబడిందా, తన కళ్ళలోని చెమటా? కనబడింది. అద్దం అంచు అరగదీసేటప్పుడు పోల్చుకునేపాటి సందు. తర్వాత ఇంకాస్త.

“అదే,” అంది వెనకనుంచి పెద్దావిడ. “అదే చప్పుడు.”

బారు కదిలి, వాళ్ళు ఆస్పత్రికి చేరేసరికి సిస్టరు తలుపు దగ్గరే ఉంది. “ఇంకొంచెం ఉంటే ఇచ్చేసేవాళ్ళం,” అని ఒక్కమాట అని, ఆవిడ పెదాలు చూసి, చక్రాల కుర్చీని తనే పరుగున తోసుకుపోయింది. లోపల ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. గొట్టాలు బిగించారు. మిషను తిరగడం మొదలయ్యాక డాక్టరు వచ్చి చూసి, పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళాడు.

అతను బయటికొచ్చి బండిలో కూర్చుని ఫోను లైటు వేసి స్టీరింగు కింద చూశాడు. రోడ్డు పక్క ఎలక్ట్రీషియను ఎవరో చేసిన పనిలా ఉంది. ఫ్యానుకి ఒక వైరు లాగి, టేపు చుట్టి, ఆ స్విచ్చి బిగించాడు. స్విచ్చి మీది బొడిపె గోళ్ళరంగు చుక్క. చూడకుండా వేలికి తెలియాలని ఆమె పెట్టుకుంది. పెట్టుకుని ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మేద్దామనే మనిషి ఇంట్లో ఉన్నాడు.

సాయంత్రం తిరుగుదారిలో పెద్దావిడ అలిసిపోయి సీటు మీద వాలి ఉంది. ఊపిరి మామూలుగా ఉంది. ఈసారి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ముల్లు సగం దగ్గర ఉంది. అయినా అతని చూపు దాన్ని వదల్లేదు. గాస్కెట్ సంగతి తేలలేదు. రేపు ఆస్పత్రి లేని రోజు. వెలుగు రాగానే షెడ్డుకి తీసుకెళ్ళి, కారు డాక్టరు కాళ్ళావేళ్ళా పడైనా చూపించాలి.

“ఆ చప్పుడు ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“నిరుడు ఎండల్లో. నన్ను లోపల పడుకోబెట్టి, బండిని ఎక్కడికో తీసుకెళ్ళొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మొదలైంది. ఏంటే అంటే, నీకెందుకే అంది.”

“ఇంకేమైనా చేసేదా?”

“ఎందుకు చెయ్యదు? స్టార్టు చెయ్యగానే కదిలేది కాదు. కాసేపు ఆగేది. కుడివైపు తిరిగితే కింద కటకటమంటుంది చూడండి, అక్కడికొచ్చేసరికి పాట అందుకునేది.”

“పాటా?”

“నాకు వినబడకూడదని. నాకు చూపు పోయింది గాని చెవులు పోయాయా?” పెద్దావిడ చిన్నగా నవ్వి, ఆపేసింది. “వంతెన మీద ఆగితే మాత్రం పాడేది కాదు. అరచెయ్యి చీరకి తుడుచుకునేది. మళ్ళీ మళ్ళీ తుడుచుకునేది. ఆ గరగర వినబడేది నాకు.”

అతను స్టీరింగు మీది తన చేతుల వంక చూసుకున్నాడు. తడిగా ఉన్నాయి. ఆమెకు భయమే లేదని, ఆ భయమంతా తన ఒక్కడిదేనని ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

వంతెన వచ్చింది. లారీని తీసేశారు గాని, బారు ఇంకా మెల్లగానే కదులుతోంది. నట్టనడుమకు వచ్చేసరికి ముందు బండి ఎర్రలైట్లు వెలిగాయి. ముల్లు కదలకముందే అతను ఎడమచెయ్యి కిందికి పోనిచ్చి, వేలితో చుక్కను వెతుక్కుని నొక్కాడు.

టక్.

“ఊఁ,” అంది వెనకనుంచి పెద్దావిడ.

అతను అరచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. “ఇంకా చెప్పండి అత్తయ్యా,” అన్నాడు. “ఏ పాట?”